అమెరికా లెక్కతో ప్రపంచం తిరగలేం

పెద్ద అంబర్‌పేట్‌లో ఉండేవాళ్ళు విజయవాడ వెళ్ళాలంటే విమానం గురించి ఆలోచించరు. ఔటర్ రింగ్ రోడ్డు 65వ నంబరు జాతీయ రహదారిని కలిసే చోట నిలబడితే బస్సు దొరుకుతుంది. దారి బాగుంటే ఐదు గంటల్లో బెజవాడలో దిగుతారు. విమానమే కావాలనుకుంటే ఔటర్ మీదుగా శంషాబాద్ చేరాలి, తనిఖీలన్నీ ముగించుకుని గేటు దగ్గర కూర్చోవాలి, గంటసేపు ఎగరాలి, గన్నవరంలో సామాను కోసం నిలబడాలి. అక్కడి నుంచి ఊళ్ళోకి మళ్ళీ ఇరవై కిలోమీటర్లు. మొత్తం కూడితే బస్సుకు పట్టినంత సమయమే పడుతుంది, ఖర్చు మాత్రం కొన్ని రెట్లు. రైలూ వీళ్ళకు కలిసిరాదు, ఎందుకంటే సికింద్రాబాద్ దాకా వెనక్కి వెళ్ళి ఎక్కాలి. ఈ లెక్క ఇక్కడ ఎవరికీ ఎవరూ నేర్పలేదు. హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్ దాకా అందరికీ నోటికి వచ్చు.

ఇంత తెలిసినవాళ్ళు కూడా పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడగానే ఈ లెక్కను పక్కన పెట్టేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే.

“విదేశాల్లో ఊరి నుంచి ఊరికి విమానమే ఎక్కాలి. లేదంటే కారు మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళుంటే ప్యాకేజీ బస్సు మేలు. రైళ్ళూ మామూలు బస్సులూ వీపున సంచీ వేసుకుని తిరిగే కుర్రాళ్ళకు.” దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్ ఆఫీసుల్లో, కాలనీ పార్కుల్లో, పెళ్ళి పందిళ్ళలో ఎవరూ ప్రశ్నించకుండా సాగిపోతున్న మాట ఇది. “అంత ఖర్చు పెట్టుకొని పోయి, ఆడ గూడ బస్సెక్కుడేనా?” అని అడిగే పెద్దలను చాలామందిని చూశాను. వాళ్ళు ఎగతాళికి అడగడం లేదు, నిజంగానే నమ్మి అడుగుతున్నారు. అందుకే జవాబు కూడా సూటిగా ఉండాలి. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల పోయేది డబ్బొక్కటే కాదు. జన్మలో మళ్ళీ వెళ్తామో లేదో తెలియని దేశంలో పగటి వేళలు విమానాశ్రయాల్లో కరిగిపోతున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులు అవసరం లేని క్యూల్లో నిలబడుతున్నారు.

ఈ నమ్మకం పుట్టింది అమెరికాలో. మన వైపు ఇళ్ళల్లో చాలామందికి మొదటి విదేశం అదే. కొడుకు డాలస్‌లోనో, కూతురు న్యూజెర్సీలోనో ఉంటారు. విమానం దిగగానే కారు, నయాగరాకు కారు, లాస్ వెగాస్‌కు విమానం. ఆర్నెల్లు ఉండి తిరిగొచ్చిన అమ్మానాన్నల మనసులో విదేశీ ప్రయాణమంటే ఆ బొమ్మే నిలిచిపోయింది. అమెరికా వరకు అది చాలాచోట్ల నిజం కూడా. లాస్ ఏంజెలిస్ నుంచి లాస్ వెగాస్‌కు నడిచిన ప్రయాణికుల రైలు 1997లో ఆగిపోయింది. న్యూయార్క్ నుంచి షికాగోకు రైల్లో వెళ్తే దాదాపు ఇరవై గంటలు. గత శతాబ్దం నడుమ నుంచి ఆ దేశం తన డబ్బంతా హైవేల మీద, విమానాశ్రయాల మీద పెట్టింది. ప్రయాణికుల రైళ్ళను నిర్లక్ష్యం చేసింది. అక్కడి జనం కారెక్కేది వేరే దారి లేక. ఆ అవసరాన్ని మనవాళ్ళు హోదాగా అర్థం చేసుకుని, అదే కొలత జపాన్‌కూ స్విట్జర్లాండ్‌కూ పట్టుకుపోతున్నారు.

అమెరికాలో కూడా ఈ మాట అన్ని మూలలా చెల్లదు. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు రైల్లో మూడు, మూడున్నర గంటలు. ఎక్కేది మన్‌హాటన్ నడిబొడ్డున, దిగేది పార్లమెంటు భవనానికి నడిచి వెళ్ళగలిగే దూరంలో. తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉండే ఎడిసన్ పక్కనే, ఐసెలిన్‌లోని మెట్రోపార్క్ స్టేషన్‌లో ఈ దారి రైళ్ళు కొన్ని ఆగుతాయి. ఆ స్టేషన్‌కు పది నిమిషాల దూరంలో ఉంటూ, వచ్చిన తల్లిదండ్రులకు రాజధాని చూపించడానికి శనివారం పొద్దున్నే ట్రాఫిక్‌లో కారు తోలే పిల్లలు ఎంతమందో!

ఇక ఆసియాకు రండి. జపాన్ వెళ్ళే మనవాళ్ళు తప్పకుండా చూసే రెండు ఊళ్ళు టోక్యో, క్యోటో. ఈ రెంటి మధ్య “విమానం బుక్ చేయించండి, తొందరగా అవుతుంది” అని అడిగేవాళ్ళున్నారు. క్యోటోకు విమానాశ్రయమే లేదు. ఒసాకా దగ్గర ఇటామిలోనో కాన్సాయ్‌లోనో దిగి, అక్కడి నుంచి గంటో అంతకన్నా ఎక్కువో బస్సులోనో రైల్లోనో రావాలి. షింకాన్‌సెన్ అనే వేగరైలు ఎక్కితే టోక్యో స్టేషన్ నుంచి క్యోటో స్టేషన్‌కు రెండు గంటల పదిహేను నిమిషాలు. ఆ రైలు 1964 అక్టోబరు 1 నుంచి నడుస్తోంది. రద్దీ వేళల్లో ఆ దారిలో గంటకు పదికి పైగా నొజొమి అనే వేగరైళ్ళు ఉంటాయి. ఒకటి తప్పితే టీ తాగేలోపు ఇంకోటి. విమానం తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

విమానం టికెట్ మీద రాసి ఉండే సమయం మనల్ని మోసగిస్తుంది. “గంటా పది నిమిషాలు” అని రాసి ఉన్నది గాల్లో ఉండే సమయం. హోటల్ గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా పట్టే సమయం దాని మీద ఎక్కడా రాయరు. ఐదారు వందల కిలోమీటర్ల లోపు దూరానికి, మంచి రైలు ఉన్న దేశంలో, విమానం నెగ్గడం చాలా అరుదు. ఇది ఆ దేశాల ప్రభుత్వాలకూ తెలుసు. ఫ్రాన్స్ 2023 మేలో, రైల్లో రెండున్నర గంటల్లోపు చేరగలిగిన చోట్లకు దేశంలోపలి విమానాలను నిషేధించింది. పారిస్ ఓర్లీ నుంచి లియోన్, నాంత్, బోర్డోలకు విమానాలు ఆగాయి. పర్యావరణం కోసమే ఆ చట్టం తెచ్చారు, నిజమే. కానీ పారిస్ నుంచి లియోన్‌కు రైలు రెండు గంటల్లో ఊరి మధ్యలో దింపకపోతే అక్కడి జనం ఒప్పుకునేవాళ్ళా? స్పెయిన్‌లో ఏ చట్టమూ అవసరం కాలేదు. మాడ్రిడ్, బార్సిలోనా నడుమ ఆరు వందలకు పైగా కిలోమీటర్ల వేగరైలు దారి 2008లో పూర్తయ్యాక, రెండున్నర గంటల ప్రయాణం చూసి జనమే విమానం వదిలి రైలెక్కారు.

చవక విమానాల ముచ్చట ఇంకొకటి. ఫోన్లో టికెట్ ధర చూసి “రైలు కన్నా తక్కువే” అంటారు. ఆ ధరలో ఉండేది మీరొక్కరే, మీ పెట్టె ఉండదు. ఆగ్నేయాసియా చవక విమానాల్లో చాలావాటిలో చేతి సంచికి ఏడు కిలోలే పరిమితి. యూరప్‌లో కొన్ని సంస్థలు సీటు కింద పట్టే సంచి దాటితే ప్రతిదానికీ డబ్బు అడుగుతాయి. హైదరాబాద్ నుంచి ఇరవై మూడు, ముప్ఫై కిలోల పెట్టెలతో బయల్దేరే కుటుంబానికి ఆ ధర ఎలా వర్తిస్తుంది? పెట్టెల రుసుము కలపండి, అటూ ఇటూ టాక్సీ కలపండి, అప్పుడు పోల్చండి. టికెట్ మీద “పారిస్” అని ఉన్నా దింపేది బోవేలో కావచ్చు. అది పారిస్‌కు ఎనభై కిలోమీటర్ల దూరం. అంటే పెద్ద అంబర్‌పేట్‌కు రమ్మని పిలిచి నార్కట్‌పల్లి దాటాక దింపినట్టు. ఆవకాయ, పెరుగు, పచ్చళ్ళ సీసాలు చేతి సంచిలో పెట్టుకుని తిరిగే మన అలవాటుకు చాలా విమానాశ్రయాల తనిఖీల్లో నూరు మిల్లీలీటర్ల అడ్డు ఉంది. రైల్లో ఆ అడ్డు లేదు. ఇది చిన్న విషయం కాదు. షుగర్ ఉన్న పెద్దాయన వేళకు తన అన్నం తను తినగలగడం ప్రయాణంలో పెద్ద విషయం.

కారు సంగతి. “మన కారు మన చేతిలో ఉంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు” అనే మాట వినడానికి బాగుంటుంది. ఇటలీలో ఫ్లోరెన్స్, రోమ్, పీసా లాంటి ఊళ్ళ పాత నగర భాగాల్లోకి చాలా వేళల్లో బయటి కార్లను రానివ్వరు. జెడ్‌టీఎల్ అని బోర్డులు, పైన కెమెరాలు. తెలియక దూరితే జరిమానా కాగితం నెలల తర్వాత ఇంటికి వస్తుంది, కారు ఇచ్చిన సంస్థ తన రుసుము విడిగా తీసుకుంటుంది. వెనిస్‌లో కారు పియాజాలే రోమా దగ్గర ఆగిపోవాల్సిందే, లోపల రోడ్లే లేవు. స్విట్జర్లాండ్‌లో జెర్మాట్, వెంగెన్, మురెన్ ఊళ్ళలోకి బయటి కార్లు రావు. అంటే చూడ్డానికి వెళ్ళిన చోటికే కారు పోదు. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే అదనపు రుసుము, పార్కింగ్, టోలు. యూరప్ ప్రధాన భూభాగమంతా కుడివైపు తోలాలి. ఎనిమిది పది గంటలు ఎగిరి, నిద్ర లేని కళ్ళతో దిగి, ఎడమవైపు అలవాటైన చేతులతో కుటుంబాన్ని కూర్చోబెట్టుకుని ఆ రోడ్డెక్కడం సాహసం కాదు, బాధ్యతారాహిత్యం.

వియత్నాంలో మన కుర్రాళ్ళు అద్దె బైకులెక్కుతున్నారు. ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చిన అంతర్జాతీయ పర్మిట్ ఉంది కదా అని ధీమా. మన దేశం ఇచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందిది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. ఈ తేడా మామూలు రోజున ఎవరికీ పట్టదు. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థకు మొదట పట్టేది ఇదే. చెల్లని లైసెన్సుతో నడిపారని తేలితే ఆసుపత్రి ఖర్చంతా కుటుంబం మీద పడుతుంది. పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.

పెద్దవాళ్ళకు ప్యాకేజీ బస్సే సుఖమంటారు. సుఖమనే మాట ఎలా వచ్చిందో నాకు అర్థం కాదు. పన్నెండు రోజుల్లో ఏడెనిమిది దేశాలంటే రోజూ పొద్దున్నే పెట్టెలు సర్దుకుని బస్సెక్కడమే. యూరప్ చట్టం ప్రకారం డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపాక ముప్పావు గంట ఆగాలి, మామూలుగా రోజుకు తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, రాత్రికి తగినంత విశ్రాంతి ఉండాలి. మంచి చట్టం, మన రోడ్ల మీద కూడా అంత గట్టిగా అమలైతే ఎన్నో ప్రాణాలు నిలిచేవి. కానీ దూరం ఎక్కువ పెట్టుకుని రోజులు తక్కువ పెట్టుకున్న ప్యాకేజీలో ఆ గడియారమే యజమాని. డ్రైవర్ గంటలు మించిపోకూడదు కాబట్టి చూసే చోట నలభై నిమిషాలు, హోటల్ ఊరి చివర. సాయంత్రం ఏడింటికి చేరాక అక్కడ నడవడానికి వీధి ఉండదు. రైల్లో వెళ్ళినవాళ్ళు స్టేషన్ పక్కన హోటల్లో దిగి, అదే సాయంత్రం నది ఒడ్డున నడుస్తారు. రైల్లో లేచి నాలుగడుగులు వేయొచ్చు, మరుగుదొడ్డి పది అడుగుల్లో ఉంటుంది. అరవై దాటినవాళ్ళకు ఈ రెండూ ఎంత అవసరమో ఇంట్లో పెద్దవాళ్ళున్న ప్రతివారికీ తెలుసు.

భాష రాదు కదా, ప్లాట్‌ఫాం మారితే ఏం చేస్తామని భయపడతారు. భాష రానిది విమానాశ్రయంలోనూ అంతే. స్విట్జర్లాండ్‌లో 1982 నుంచి దేశమంతటి రైళ్ళకూ ఒకే పద్ధతి. ప్రతి గంటకూ అదే నిమిషానికి అదే దిక్కుకు రైలు. రైలు దిగేసరికి స్టేషన్ బయట పసుపుపచ్చ పోస్ట్ బస్సు కొండ ఊరికి సిద్ధంగా ఉంటుంది. తల్లిదండ్రుల దగ్గర స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వాళ్ళతో వచ్చే పదహారేళ్ళలోపు పిల్లలకు టికెట్ కొనక్కర్లేదు. రైలుకూ బస్సుకూ ఇలా జత కట్టడం మన ఊరికి కొత్త కాదు. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఈనాటి ఆర్టీసీకి మూలం అదే. రైలు నడిపే సంస్థే బస్సూ నడిపిన నగరం మనది. అలాంటి ఏర్పాటును స్విస్ కొండల్లో చూసి భయపడాల్సిన పనేముంది?

సామాను గురించి చెప్పే అభ్యంతరంలో మాత్రం కొంత నిజముంది. రైల్లో పెట్టె మనమే ఎత్తాలి. యూరప్‌లో పాత స్టేషన్లలో మెట్లున్నాయి. జపాన్‌లో టోక్యో–ఒసాకా దారి రైళ్ళలో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటే పెట్టెకు ముందుగా చోటు బుక్ చేసుకోవాలి. అయితే దీనికి మందు విమానం కాదు, చిన్న పెట్టె. తప్పనిసరిగా పెద్దది ఉంటే జపాన్‌లో తక్యుబిన్ సేవ ఉంది. హోటల్ కౌంటర్‌లో ఇస్తే చాలా ఊళ్ళకు మర్నాటికి తర్వాతి హోటల్‌కు చేరుస్తారు. చేతులూపుకుంటూ రైలెక్కవచ్చు.

రైలు పక్షాన మాట్లాడేవాళ్ళూ ఒక తప్పు చేస్తున్నారు. “జపాన్ అంటే జేఆర్ పాస్, యూరప్ అంటే యూరైల్ పాస్, కళ్ళు మూసుకుని కొనెయ్యండి” అంటారు. ఏడు రోజుల జేఆర్ పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు పోను సుమారు పద్నాలుగు వేలు. పోయి వచ్చినా పాస్ ధరలో అరవై శాతం దాటదు. ఆ రెండు ఊళ్ళే చూసేవాళ్ళు విడి టికెట్లు కొనుక్కోవాలి. యూరైల్ పాస్ చేతిలో ఉన్నా ఫ్రాన్స్ వేగరైలు టీజీవీలో సీటు రిజర్వేషన్‌కు మళ్ళీ డబ్బు కట్టాలి. ఫ్రాన్స్, ఇటలీ, జర్మనీల్లో వేగరైళ్ళ ధర రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది, వారాల ముందే కొనాలి. రైలెక్కమంటున్నాను గానీ లెక్క వేయకుండా ఎక్కమనడం లేదు.

లెక్క వేసినప్పుడు విమానం నెగ్గే చోట్లు ఉంటాయి, అక్కడ ఎగరండి. హనోయ్ నుంచి సైగాన్‌కు రైలు దారి 1,726 కిలోమీటర్లు, ముప్ఫై గంటలకు పైమాటే. పది రోజుల సెలవు మీద వచ్చినవాళ్ళు విమానం ఎక్కడమే న్యాయం. బ్యాంకాక్ నుంచి ఫుకెట్‌కు రైలు దారే లేదు. కానీ అదే వియత్నాంలో హ్యూ నుంచి దనాంగ్‌కు ఏ మినహాయింపూ వద్దు, రైలెక్కండి. సుమారు మూడు గంటల దూరం. ఒక పక్క హాయ్ వాన్ కొండ, మరో పక్క కిందనే సముద్రం. కొండను తొలిచిన సొరంగంలోంచి పోయే టూరిస్టు వ్యానుకు ఇందులో ఏదీ కనిపించదు. బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయ్‌కు సుమారు 750 కిలోమీటర్లు. సాయంత్రం క్రుంగ్ థెప్ అపివత్ స్టేషన్‌లో స్లీపర్ ఎక్కితే పొద్దున్నే దిగుతారు, ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖకు పడుకుని వెళ్ళిన వాళ్ళకు దీన్ని ఎవరైనా నేర్పాలా? పట్టాయాకు మనవాళ్ళు పెట్టే టాక్సీ ఖర్చు చూస్తే బాధేస్తుంది. సువర్ణభూమి విమానాశ్రయం నుంచే నేరుగా బస్సుంది, రెండు గంటల్లో దింపుతుంది, టాక్సీ ధరలో పదో వంతుకు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి పల్లకిలో బయల్దేరి, హైదరాబాద్ మీదుగా కాశీ వెళ్ళి, మరుసటేడు ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను ఇవాళ్టికీ చదువుతున్నది కాశీ కోసం మాత్రమే కాదు. నడుమ వచ్చిన ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, ఏరు ఎలా దాటాలి, మనుషులు ఎలా ఉన్నారు అన్నది రాశాడు గనక. తెలుగులో యాత్రా రచన మొదలైందే దారి గురించి. ఇవాళ మన యాత్ర ఫోటోల్లో గోపురం ఉంటుంది, టవర్ ఉంటుంది, వాటి మధ్య దేశం ఉండదు. లక్షలు ఖర్చు పెట్టి వెళ్ళి ఆ దేశపు పొలం ఒక్కటి, చిన్న ఊరి స్టేషన్ ఒక్కటి, బడికి పోయే పిల్లలు ఎక్కే రైలు డబ్బా ఒక్కటి చూడకుండా తిరిగి రావడం నష్టమే.

హోదా మాట ఎత్తేవాళ్ళకు చివరిగా ఒక సంగతి. టోక్యోలో కంపెనీ అధికారులు ఒసాకా మీటింగుకు వెళ్ళేది షింకాన్‌సెన్‌లో. స్విట్జర్లాండ్‌లో మంత్రులు మామూలు రైళ్ళలో కనిపిస్తారు. ఆ దేశాల్లో ఉన్నవాళ్ళు ఎక్కేదాన్ని మనం లేనివాళ్ళ బండి అంటున్నాం.

ఈ సెలవులకు బయల్దేరుతున్న వాళ్ళకు నా విన్నపం ఒకటే. ట్రావెల్ ఏజెంటు చేతిలో డబ్బు పెట్టే ముందు, ప్రతి రెండు ఊళ్ళ మధ్యా హోటల్ గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా విమానంలో ఎన్ని గంటలు, రైల్లో ఎన్ని గంటలు, పెట్టెలూ టాక్సీలూ కలిపి ఎంత ఖర్చు, కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వని చోట టికెట్ కొనకండి.